కూతకు ఒకడు, పట్టుకు ఏడుగురు

చెడుగుడు ముచ్చట ఎక్కడ మొదలైనా కూతకు వెళ్ళినవాడి దగ్గరే మొదలవుతుంది. బందరులోనైనా, గుడివాడలోనైనా, కృష్ణ పాయల మధ్య దివిసీమలోనైనా అంతే. ఫలానా ఊరి కుర్రాడు గీత దాటి లోపలికి దూకాడని, నలుగురిని తాకి దమ్ము విడవకుండా వెనక్కి వచ్చాడని చెప్పుకుంటారు. ఆ నలుగురూ ఎందుకు దొరికిపోయారో ఎవరూ చెప్పుకోరు. సినిమావాళ్ళూ ఆ తోవనే పట్టారు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ చూసినా, 2010లో వచ్చిన ‘భీమిలి కబడ్డీ జట్టు’ చూసినా హీరో కూతకు వెళ్ళకుండా కథ కదలదు. మూలన వంగి నిలబడి చీలమండ కోసం కాచుకునే మనిషికి పాట ఉండదు, ఫైటు ఉండదు. అయితే ఆట చరిత్రలో అసలు చిక్కు ఆ మనిషి దగ్గరే ఉంది. ఊరి బరిలో, కాలేజీ బరిలో పట్టేవాళ్ళు ఇట్టే చెదిరిపోతారు. అదే ఆట డబ్బిచ్చి ఆడించే స్థాయికి చేరేసరికి ఆ పట్టే బిగుసుకుంటుంది. కూతకు వెళ్ళేవాడు కూడా అక్కడ ఆరితేరినవాడే కదా, మరి పట్టు ఎలా నిలిచింది? ఇంచుమించు ఇదే ప్రశ్నను అమెరికావాళ్ళు తమ ఫుట్‌బాల్ గురించి వేసుకుంటారు: కాలేజీ ఆటలో డిఫెన్సులు అంతగా తడబడి, ప్రొఫెషనల్ ఆటలో ఎందుకు నిలదొక్కుకుంటాయి? పట్టేవాళ్ళ చేతగానితనం దీనికి జవాబు కాదని నా వాదన. పట్టు నలుగురూ కలిసి చేసే పని. ఆ పనికి కావలసిన కాలం, ఎదుటివాడి గురించిన సమాచారం, చెప్పి చేయించే ఏర్పాటు కింది స్థాయిలో దొరకవు. దాడి మాత్రం అవేవీ లేకుండానే నడిచిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మోటు లెక్కే అయినా విషయం తేటపడుతుంది. కూతకు వెళ్ళినవాడు ఒక్కడే తలుచుకుంటాడు, ఒక్కడే చేస్తాడు. తప్పుచేస్తే పోయేది తానొక్కడే. ఎదుట ఉన్నది ఏడుగురు. వాళ్ళలో ఒకడు అరక్షణం ముందు దూకినా, ఒకడు వెనకపడినా మిగిలినవాళ్ళు సరిగ్గా నిలబడి ప్రయోజనం లేదు. ఒక్కొక్కడూ పదిసార్లలో తొమ్మిదిసార్లు తన పని సక్రమంగా చేస్తాడనుకుందాం. మంచి ఆటగాడే. కానీ ఏడుగురూ ఒకేసారి సక్రమంగా చేసే అవకాశం వందకు 48 మాత్రమే. ఇప్పుడు అదే ఏడుగురిని సాధనతో వందకు 98 సార్లు తప్పుచేయనివాళ్ళుగా తీర్చిదిద్దారనుకోండి. ఏడుగురూ కలిసి సరిగ్గా ఉండే అవకాశం వందకు 87కు లేస్తుంది. కూతగాడు కూడా అదే సాధనతో తొంభై నుంచి తొంభై ఎనిమిదికే వెళ్ళాడు. అతడికి కలిసొచ్చింది ఎనిమిది, అవతలి పక్షానికి కలిసొచ్చింది దాదాపు నలభై. పదకొండుమంది ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఈ తేడా ఇంకా పెద్దది: వందకు 31 దగ్గర నుంచి 80కి పోతుంది. నిజం ఆటలో ఏడుగురి తప్పులూ సమానం కావు, ఒకడి తప్పును పక్కవాడు కప్పిపుచ్చడం కూడా ఉంటుంది. ఆ మినహాయింపులన్నీ ఇచ్చినా లెక్క మొగ్గు మారదు. సాధన తక్కువైనచోట ఎక్కువ నష్టపోయేది గుంపుగా చేసే పని.

ఆట సంగతి కాసేపు పక్కనపెట్టి బందరు కోట దగ్గరికి వెళ్దాం. పట్టేవాళ్ళ కష్టానికి ఈ సీమలో ఇంతకంటే స్పష్టమైన పాత దాఖలా నాకు కనిపించలేదు. 1758లో క్లైవు బెంగాలు నుంచి పంపిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డు, ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించాడు. తరవాత విజయనగరం ఆనంద గజపతిరాజు సేనను వెంటబెట్టుకుని 1759 మార్చి మొదట్లో బందరు కోట ముందు దిగాడు. అప్పటికే పుదుచ్చేరిలోని ఫ్రెంచి సేనాపతి లాలీ, బుస్సీని వెనక్కి పిలిపించుకున్నాడు. ఏళ్ళ తరబడి ఈ దేశపు ఎత్తుగడలు ఎరిగిన బుస్సీ స్థానంలోకి కాన్‌ఫ్లాన్స్ అనే కొత్త దొర వచ్చాడు. కోట ఊరికి ఎడంగా చిత్తడి నేల మధ్య ఉండేది. రావాలంటే ఒకటే గట్టు దారి. లోపల సుమారు అయిదువందలమంది ఐరోపా సైనికులు, రెండున్నర వేలకు పైగా సిపాయిలు. బయట ఫోర్డు దగ్గర ఉన్నది మూడువందల చిల్లర ఐరోపావాళ్ళు, పధ్నాలుగు వందల దాకా సిపాయిలు, రాజుగారి బలగం. వెనక నుంచి హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యం దగ్గరపడుతోంది, ఫిరంగులకు మందుగుండు రెండు రోజులకు మించి లేదు. అలాంటి స్థితిలో ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు దాడికి దిగాడు. మూడు దిక్కుల నుంచి ఒకేసారి వచ్చారు, అందులో రెండు ఉత్తుత్తివి. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో నైరుతి మూలన బురదలో పడి వచ్చాడు. రాజుగారి మనుషులు గట్టు దారిన ద్వారం ముందు అలజడి చేశారు. అసలు పోటు ఈశాన్యపు బురుజు మీద పడింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది.

ఆ రాత్రి కోటలో జరిగింది భయంతో కూడిన పరుగు మాత్రమే కాదు. ఏ బురుజు మీది దాడి నిజమో, ఏది నటనో తేల్చుకోలేక కాన్‌ఫ్లాన్స్ ఆజ్ఞల మీద ఆజ్ఞలు పంపాడు. ఒక బురుజువాళ్ళకు రెండో బురుజు సంగతి తెలియదు. ఫోర్డుకు కావలసింది ఒక్క చీలిక. కాన్‌ఫ్లాన్స్‌కు కావలసింది అన్నిచోట్లా ఒకే తెలివి. మూడువేలమంది ఉన్నా ఆ ఒక్క తెలివి కుదరలేదు. యుద్ధాన్ని ఆటతో పోల్చడం అతి అని ఎవరైనా అనవచ్చు. చావుబతుకులకూ పాయింట్లకూ పోలిక లేదన్నమాట నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ పోలుస్తున్నది పర్యవసానాన్ని కాదు, పని తీరును. కూతగాడు ఎడమకు చూసి కుడికి కాలు విసిరినప్పుడు బరిలో ఏం జరుగుతుందో, నాక్స్ బురదలో తుపాకులు పేల్చినప్పుడు కోటలో అదే జరిగింది. మోసపోయినవాళ్ళు పిరికివాళ్ళు కారు. ఒకరికొకరు కబురు అందించుకోలేనివాళ్ళు, కొత్త నాయకుడి కింద ఇంకా ఒక జట్టుగా కుదురుకోనివాళ్ళు. ఆ మే నెలలోనే సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల సీమనూ ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. ఆ ఒక్క రాత్రి తడబాటుకు తీరాంధ్ర చెల్లించిన మూల్యం పెద్దదే. అది వేరే కథ.

చెడుగుడుకు వద్దాం. కృష్ణా డెల్టాలో ఆట అదును సంక్రాంతి. కానీ డెల్టా పొలం ఆటకు ఖాళీగా దొరకదు. సార్వా వరి కోయకముందే చేలో మినుములు చల్లేస్తారు, పండగనాటికి మళ్ళలో పచ్చగా అపరాలు ఉంటాయి. కాబట్టి ఆట కళ్ళాల్లో, చెరువు గట్టు కింద, ఊరి బయట బీట్లో, బడి ఆవరణలో జరిగేది. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. అలాంటి నేల మీద చీలమండ పట్టు కోసం పల్టీ కొట్టి పడేవాడికి మోకాలి చిప్పా మోచేయీ మిగలవు. కూతగాడు పరిగెత్తడానికి మాత్రం గట్టినేలే అనుకూలం. దివిసీమలో సముద్రం దగ్గర ఊళ్ళలో ఇసుక ఉంటుంది. ఇసుకలో కాళ్ళు దిగబడి కూతగాడి వేగం తగ్గుతుంది, పడేవాడికి దెబ్బ తగలదు. నేల మారితే బలం ఎటు మొగ్గుతుందో మారుతుందని ఆడినవాళ్ళందరికీ తెలుసు. కానీ నేలను ఎవరూ ఎంచుకోలేదు, దొరికినచోట ఆడారు. గీతలు కూడా అంతే. గీసినవాడి చేతివాటాన్ని బట్టి బరి వెడల్పు పెరిగేది, తగ్గేది. వెడల్పు పెరిగితే పట్టేవాడు చూసుకోవలసిన నేల పెరుగుతుంది, తాకి పారిపోయేవాడికి దారులు పెరుగుతాయి. మొత్తానికి ఊరి ఆట ఏర్పాటులోనే కూతగాడికి చేయూత ఉంది. పట్టేవాడికి ఉన్న పెద్ద అండ ఒక్కటే: ఎదుటివాడి ఊపిరి. కాలం కొలిచే గడియారం లేని రోజుల్లో కూత ఆగేదాకా వెనక్కి తగ్గి తగ్గి నిలబడితే చాలు, దమ్ము చాలక వాడే చచ్చేవాడు.

ఆట ఒకటే కాదు, తీరులు చాలా ఉండేవన్నది కూడా ఇక్కడ ముఖ్యం. మనకు చెడుగుడు, తమిళులకు సడుగుడు, మరాఠీలకు హుతుతు, బెంగాలీలకు హడుడు. పాత ఆటలో మూడు రకాలను పుస్తకాలు నమోదు చేశాయి. సంజీవనిలో ఎదుటి పక్షంలో ఒకడు చస్తే మన పక్షంలో చచ్చినవాడు ఒకడు బతికి వస్తాడు. గామినిలో చచ్చినవాడు అందరూ చచ్చేదాకా బయటే. అమర్‌లో తాకినా బయటికి పోనక్కర్లేదు, పాయింటు రాసుకుంటారంతే. పట్టేవాడి కోణం నుంచి చూస్తే ఈ మూడూ మూడు వేరు లోకాలు. అమర్‌లో పట్టు ఎప్పుడూ పూర్తి బలంతో ఉంటుంది. మిగతా రెండింట్లో ఒక దెబ్బ తింటే తరవాతి దెబ్బకు మనుషులు తగ్గిపోయి ఉంటారు. 1918లో సతారా ప్రాంతంలో నియమాలు కూర్చి, 1923లో బరోడాలో అఖిల భారత పోటీ పెట్టినప్పటి నుంచి నేటి కబడ్డీ దాకా నిలిచినది సంజీవని దారి. ఒకసారి జారితే మరింత జారే స్వభావాన్ని ఆ రోజే ఆటలో పెట్టుకున్నారన్నమాట. పంజాబు వృత్త కబడ్డీ ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. అక్కడ కూతగాణ్ని ఒక్కసారికి ఒక్కడే పట్టాలి. గుంపు బలాన్ని నియమమే తీసేసింది కాబట్టి అక్కడ ఎక్కువసార్లు గెలిచేది కూతగాడే. పట్టుకు ప్రాణం కలయిక అనడానికి, ఆ కలయికను తీసేసి చూపించిన ఆట కంటే వేరే సాక్ష్యం ఎందుకు?

1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది, 1952లో మద్రాసులో పురుషుల జాతీయ పోటీలు జరిగాయి. ఆ తరవాత ఆట కళ్ళం దిగి కాలేజీ మైదానంలోకి వచ్చింది. కృష్ణా జిల్లా కాలేజీలు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది, 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం పుట్టింది. బందరు నోబుల్ కాలేజీ అయినా, గుడివాడ ఏఎన్నార్ కాలేజీ అయినా జట్టు బతుకు ఒక తీరుగానే ఉంటుంది. డిగ్రీ మూడేళ్ళు. మొదటి ఏడు ఎవరు ఎవరో తెలుసుకోవడంతో పోతుంది, మూడో ఏడు పరీక్షల బెంగ. మధ్య ఏడు ఎడమ మూలన నిలిచే కార్నర్‌కూ పక్కనుండే కవర్‌కూ కాస్త లయ కుదిరేసరికి ఒకడు చదువు ముగించుకుని వెళ్ళిపోతాడు. కూతగాడికి ఈ బెడద లేదు. ఊళ్ళో నేర్చుకున్న కాలివిసురూ, మెలికా, ఉడుంపట్టు వదిలించుకునే ఒడుపూ సంచిలో పెట్టుకుని వచ్చినట్టు కాలేజీకి తెచ్చుకుంటాడు, మొదటి రోజునుంచే అవి పనిచేస్తాయి. పట్టేవాళ్ళు చేతులు కలిపి గొలుసు కట్టడం అలా తెచ్చుకునేది కాదు. పక్కవాడి చెయ్యి ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులుతుందో ఆ పక్కవాడితోనే నేర్చుకోవాలి. పక్కవాడు మారితే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇక అమెరికా సంగతి. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి ఎంఎస్ చదువుకని వెళ్ళిన పిల్లలు శనివారంనాడు విశ్వవిద్యాలయ పట్నాలు ఎలా తిరునాళ్ళుగా మారతాయో చూస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. ఆదివారం ప్రొఫెషనల్ ఆట జరిగే స్టేడియాల్లో ఏ ఒక్కటీ అంత పెద్దది కాదు. రెండు ఆటలూ చూడ్డానికి ఒకటే. స్కోరు మాత్రం వేరు: ఇటీవలి సంవత్సరాల్లో ప్రొఫెషనల్ జట్టు సగటున ఆటకు 22 పాయింట్ల దగ్గర తచ్చాడుతుంటే, పెద్ద కాలేజీ జట్టు 28 దగ్గర ఉంటోంది. కారణాలు తవ్వితే మళ్ళీ మన కళ్ళమే కనిపిస్తుంది. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. కానీ బంతి పెట్టి ఆట మొదలుపెట్టే అడ్డ గుర్తుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ప్రొఫెషనల్‌లో పద్దెనిమిదిన్నర. అంటే కాలేజీలో బంతి ఒక పక్కకు ఒరిగి మొదలైతే అవతలి వైపు వంద అడుగుల మేర విశాలంగా తెరుచుకుంటుంది. ప్రొఫెషనల్‌లో అది 90 అడుగులకు లోపే. పది అడుగులే కదా అనిపిస్తుంది గానీ, పరుగుపందెంలో గెలిచేవాడికీ ఓడేవాడికీ మధ్య ఉండేది అంతకంటే తక్కువ. మరో నియమం ఇంకా తమాషా అయినది. బంతి విసరబోతున్నారా, పట్టుకుని పరిగెత్తబోతున్నారా అన్నది డిఫెండరు ముందువరస భారీకాయుల అడుగుల్ని బట్టి కనిపెడతాడు. విసిరే ఆటలో వాళ్ళు ముందుకు పోకూడదు. ప్రొఫెషనల్‌లో ఒక్క గజం దాటితే తప్పు, కాలేజీలో మూడు గజాల దాకా పోవచ్చు. ఆ రెండు గజాల అదనపు స్వేచ్ఛ డిఫెండరు కళ్ళకు గంతలు కట్టినట్టు. కాళ్ళు పరుగు అని చెబుతుంటాయి, బంతి తల మీదుగా ఎగిరిపోతుంది. బందరు కోటలో నాక్స్ చేసిన పనికి అమెరికావాళ్ళు కాలేజీలో చట్టబద్ధత కల్పించారని సరదాగా అనుకోవచ్చు.

నియమాల తరవాత కాలం. 1991 నుంచి కాలేజీ ఆటగాడు ఆట రోజుల్లో వారానికి 20 గంటలకు మించి సాధన చేయకూడదని అక్కడి సంఘం కట్టడి పెట్టింది. చదువుకునే పిల్లలకు అది న్యాయమే. ప్రొఫెషనల్‌కు అదే ఉద్యోగం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటి జట్టు ఆడిన ఆటల దృశ్యాలు చూస్తూ కూర్చుంటాడు. కాలేజీ ఆటగాడికి నాలుగు సీజన్ల ఆయుష్షు. ఈమధ్య ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి మారడం కూడా తేలికైంది కాబట్టి ఆ నాలుగైనా ఒకచోట గడుస్తాయన్న నమ్మకం లేదు. పైగా ప్రొఫెషనల్ జట్లు 32, పెద్ద కాలేజీ జట్లు 130కి పైన. అంతమందిలో ఒక వారం ఎదురయ్యే జట్టు ఆట తీరుకూ మరుసటి వారం జట్టు తీరుకూ సంబంధం ఉండదు. ఇరవై గంటల్లో కొత్త పాఠం నేర్చుకుని పాతది మరిచిపోవాలి. దాడి చేసే జట్టు మాత్రం తన ఒకటే పాఠాన్ని పదును పెట్టుకుంటూ వారం వారం దాన్నే ఆడుతుంది. స్కోర్ల తేడాలో కొంత భాగం బలవంతుడైన కాలేజీ బలహీనుడి మీద అరవై పాయింట్లు బాదడం వల్ల వస్తుందని, బలాబలాల తేడాను డిఫెన్స్ తప్పుగా లెక్కకట్టకూడదని ఒక అభ్యంతరం ఉంది. అది సగం నిజం. బలహీనులు దాడిలోనూ బలహీనులే, వాళ్ళు అవతలివైపు తక్కువ కొట్టి సగటును దించుతారు కూడా. సమ ఉజ్జీలు ఆడినప్పుడు సైతం కాలేజీ స్కోర్లు భారీగా పెరగడం అక్కడివాళ్ళకు వింత కాదు.

నా వాదనకు అసలైన గట్టి అభ్యంతరం వేరేది, అది మన ఊళ్ళనుంచే వస్తుంది. కలిసి గడిపిన కాలమే పట్టుకు ప్రాణమైతే, ఒకే వీధిలో పుట్టి, ఒకే చెరువులో ఈదులాడి, పదిహేనేళ్ళు ఒకే బరిలో ఆడిన ఊరి జట్టుకు దేశంలోకెల్లా గొప్ప పట్టు ఉండాలి. వేలంపాటలో కొనుక్కొచ్చి కూర్చిన ప్రొఫెషనల్ జట్టు చెదిరిపోవాలి. జరుగుతున్నది తలకిందులు కదా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. దాని వల్ల నేను నా మాటను సవరించుకోవలసి ఉంది: కలిసి ఆడడం వేరు, కలిసి సాధన చేయడం వేరు. ఊళ్ళో సాయంత్రం ఆటలో పట్టు ఎందుకు జారిందో ఆపి చూసుకునేవాడు ఉండడు. మళ్ళీ అదే కూత, అదే జారుడు, నవ్వులాట. పైగా ఊరి జట్టు ఏళ్ళ తరబడి ఆడేది తమ ఊరి కూతగాళ్ళతోనే. ఎవడు ఎడమకాలితో తన్నుతాడో, ఎవడు చేయి చాపుతాడో ఒళ్ళంతా తెలుసు. ఆ జట్టుకు తమవాళ్ళ మీద ఉండే పట్టు ఎంత గట్టిదో, పండగ పోటీలకు పొరుగు తాలూకా నుంచి దిగిన కొత్తవాడి ముందు అంత పనికిరానిది. వాడి విద్య వాడు తాకి వెళ్ళాకే తెలుస్తుంది. కాలంతోపాటు ఎదుటివాడి గురించిన ముందస్తు ఎరుక కూడా ఉండాలి, ఊరి ఆటలో అది దొరికే మార్గమే లేదు.

2014 జులైలో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఆ మార్గాన్ని తెరిచింది. ప్రతి కూతా కెమెరాలో ఉంది. తెలుగు టైటన్స్ జట్టు కార్నర్ ఆటగాడు, రేపు కూతకు రాబోయే రైడర్ గత సీజన్‌లో బోనస్ గీత వైపు ఏ కాలు ముందు వేశాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా చూసుకోవచ్చు. నేల కూడా మారింది. మ్యాట్ మీద చీలమండకు దూకితే మోకాలు పగలదు. బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. గీసేవాడి చేతివాటానికి చోటు లేదు. ఊపిరి స్థానంలో 30 సెకన్ల గడియారం వచ్చింది. పాత రోజుల్లో దమ్మున్నవాడు ఎంతసేపైనా ఊరించేవాడు, ఇప్పుడు అందరి దమ్మూ సమానం. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది పాయింటు తెచ్చి తీరాలన్న నియమం చూడ్డానికి రైడర్ కోసం పెట్టినట్టు ఉంటుంది. పట్టేవాళ్ళకు కూడా అది ఒక వరమే, అసలు దాడి ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిసిపోతుంది కనుక. కాన్‌ఫ్లాన్స్‌కు ఆ ఒక్క సమాచారం దొరికి ఉంటే కోట కథ ఇంకోలా నడిచేదేమో. ముగ్గురు లేక అంతకంటే తక్కువమంది మిగిలినప్పుడు పట్టితే అదనపు పాయింటు ఇచ్చే సూపర్ ట్యాకిల్, సంజీవనిలోని ఆ జారుడు గుణానికి వేసిన అడ్డుకట్ట. డబ్బు లెక్కా అదే చెబుతుంది. 2023 వేలంలో తెలుగు టైటన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొంటే, పట్టులో పేరుపొందిన ఇరానీ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూయికి పుణే 2.35 కోట్లు పెట్టింది. ఊరి పందెంలో పట్టేవాడికి కూతగాడితో సమానంగా బహుమతి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది?

ప్రో కబడ్డీలో కూడా రైడ్ పాయింట్లే ఎక్కువ వస్తాయని, 2017లో పర్‌దీప్ నర్వాల్ హర్యానా మీద ఒకే కూతలో ఎనిమిది పాయింట్లు, ఒకే ఆటలో 34 తెచ్చాడని గుర్తుచేసేవాళ్ళు ఉంటారు. నిజమే. కానీ పాయింట్ల పుస్తకం పట్టేవాళ్ళకు అన్యాయం చేసే పుస్తకం. ఒక కూత ఎంతమందిని తాకితే అన్ని పాయింట్లు, ఒక్కోసారి పైన అదనంగా కూడా తెస్తుంది. పట్టుకు ఒకటి, మహా అయితే రెండు. అన్నిటికంటే ముఖ్యం, రైడర్ ఎవరినీ తాకలేక ఉత్త చేతులతో తిరిగి వెళ్ళిన కూతకు పట్టేవాళ్ళ ఖాతాలో సున్నాయే పడుతుంది. ఏడుగురూ గీత తప్పకుండా నిలబడి సాధించిన విజయం అది. కొలత అలా ఉన్నప్పుడు పట్టు బలాన్ని పట్టు పాయింట్లలో వెతకడం, పోలీసుల పనితీరును అరెస్టుల లెక్కలో వెతకడంలాంటిది. నర్వాల్ ఎనిమిది పాయింట్ల కూత జనానికి ఇప్పటికీ గుర్తుందంటే అది అంత అరుదు కావడం వల్లే.

సాక్ష్యంగా చివరికి 2018 జకార్తా. 1990లో బీజింగ్‌లో ఏషియాడ్ పతకాల ఆటగా కబడ్డీ చేరినప్పటి నుంచి అప్పటిదాకా భారత పురుషులు స్వర్ణం వదిలింది లేదు. జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27–18తో ఓడించింది. ఈ ఓటమిలో ఇరాన్ కొట్టిన 27 కంటే మనవాళ్ళు ఆగిపోయిన 18 ఎక్కువ చెబుతుంది. దేశంలోని మేటి రైడర్లు నలభై నిమిషాల్లో తెచ్చింది అంతే. ఆ ఇరాన్ పట్టుకు పునాది రెండు. ఒకటి, ఒళ్ళు పట్టడం తెలిసిన కుస్తీ దేశం. రెండు, ఫజల్ అత్రాచలి, అబోజర్ మిఘానీ వంటివాళ్ళు అప్పటికే ప్రో కబడ్డీ జట్లలో ఆడి, మన రైడర్ల పక్కనే సాధన చేసి, వాళ్ళ కాళ్ళను కంఠస్థం చేసుకున్నారు. ఆ ఏడాదే లీగ్‌లో అబోజర్ తెలుగు టైటన్స్‌కు ఆడాడు, ఫజల్‌కు ముంబయి కోటి రూపాయలు ఇచ్చింది. మనం కట్టిన బడిలో చదువుకుని మనల్నే ఓడించారని కొందరు నొచ్చుకున్నారు. పట్టు అనే విద్యకు గుంపూ కాలమూ ఎరుకా మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో ఆ నలభై నిమిషాలు చూపించాయి.

అమెరికన్ ప్రొఫెషనల్ ఆటలో 2008 నుంచి డిఫెన్స్‌లో ఒకడి హెల్మెట్‌లో రేడియో ఉంటోంది. గట్టు మీది కోచ్ చెవిలో చెప్పినది వాడు మిగతా పదిమందికీ అందిస్తాడు. కాలేజీ ఆటకు ఆ వీలు 2024లో గాని రాలేదు. అప్పటిదాకా గట్టు మీద నుంచి చేతి సైగలు, బొమ్మల అట్టలు. అవతలివాళ్ళూ చూస్తారు, అర్థం చేసుకుంటారు కూడా. కబడ్డీలో ఏ స్థాయిలోనూ రేడియో లేదు. కార్నర్, కవర్ చేతులు కలిపి గొలుసు కడతారు. రైడర్ కాలు లోపలికి పడిన క్షణాన ఒకడు వేళ్ళు నొక్కుతాడు, రెండోవాడు కదులుతాడు. మాట లేదు, చూపు కూడా రైడర్ మీద నుంచి తిప్పనక్కర్లేదు. 1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోటలో ఒక బురుజు నుంచి ఇంకో బురుజుకు అలాంటి చెయ్యి ఏదీ లేదు.